విడుపు లేని గ్రహణం

సౌరకుటుంబం బయటి నుంచి ఒక తోకచుక్క వస్తోందని టీవీలో చెప్పిన రోజున, శ్రీకాళహస్తిలోని మా అత్తగారింట్లో అందరికంటే ముందు భయపడింది నా భార్య వాళ్ల అవ్వ. నా భార్యకు అప్పుడు ఎనిమిదో నెల.

ఇలాంటివి ఇంతకుముందు రెండు వచ్చి పోయాయని, ఇది సూర్యుడికంటే దూరంగానే పోతుందని చెప్పాను. ఫిజిక్సులో పట్టా ఉన్నందుకు నా మాట చివరిదాకా విన్నారు. అంతకు మించి ఏమీ జరగలేదు.

"యాడ నుంచి వస్తా ఉండాది?" అంది అవ్వ.

"తెలీదవ్వా."

"యాడికి పోతాదంట?"

"అదీ తెలీదు."

"ఊరూ పేరూ తెలీనిదాన్ని నమ్మి, కడుపుతో ఉండే బిడ్డను వాకిట్లో కూసోబెట్టమంటావా నాయనా?"

గ్రహణానికి కూడా తలుపులు మూయని గుడి ఉన్న ఊరది. ఆ ధీమా గర్భిణులకు వర్తించదు. తోకచుక్క భూమికి దగ్గరగా వచ్చే రోజున ఇంట్లో గ్రహణం నియమాలన్నీ పెట్టారు. పెరుగు గిన్నెలో దర్భ. కిటికీకి దుప్పటి. నా భార్య చాప మీద వెల్లకిలా, కాలు ముడవకుండా, మంచినీళ్లు కూడా ముట్టకుండా పడుకోవాలి. గ్రహణానికైతే పంచాంగంలో పట్టూ విడుపూ ఉంటాయి. దీని విడుపు ఎప్పుడో ఎవరూ చెప్పలేదు. పొద్దు గూకేదాకా అని అవ్వే తేల్చేసింది. నేను అడ్డు చెప్పబోతే, "ఒక్క రోజే గదా, ఊరికే ఉండండి" అంది నా భార్య.

మధ్యాహ్నం దాటాక నన్ను దగ్గరికి పిలిచింది.

"పొద్దున్నుంచీ బిడ్డ కదల్లేదు."

పొట్ట మీద చెయ్యి పెట్టాను. వేలితో మెల్లగా తట్టాను. నేను చదివిన సైన్స్ ఫిక్షన్ కథల్లో ఇంతే. ఎక్కడి నుంచో ఒక వస్తువు వస్తుంది, మనుషులు సంకేతం పంపుతారు, జవాబు కోసం చూస్తారు. జవాబు రాకపోతే ఎలా ఉంటుందో ఆ రచయితలు పేజీలకు పేజీలు రాశారు. సరిగ్గా రాయలేదు.

తిరుపతిలో డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఏం తినిందని అడిగితే తోకచుక్క సంగతి చెప్పాల్సి వచ్చింది. "వెంటనే తీసుకురండి. దారిలో ఏదన్నా తినిపించండి" అందామె.

దర్భ తీసి పారేసింది అవ్వే. "దాని మొగం మండ! లెయ్ తల్లీ" అంటూ పెరుగన్నం కలిపి, గిన్నెతో సహా కారెక్కింది.

బయట ఎండ మామూలుగా ఉంది. అయినా నేను ఒకసారి ఆకాశం వైపు చూశాను. పట్టా ఉన్నవాడు చేయాల్సిన పని కాదు.

కారు నేనే నడిపాను. అద్దంలో చూస్తే అవ్వ ముద్దలు పెడుతోంది, నా భార్య మింగుతోంది. ఇద్దరూ పొట్టనే చూస్తున్నారు. మేం ముగ్గురం ఒకే విషయానికి భయపడటం అదే మొదటిసారి.

ఏర్పేడు దాటాక వెనక నుంచి కేక.

"తన్నింది నాయనా! నా సెయ్యి మిందనే తన్నింది!"

నా భార్య ఏడుస్తోంది. కారు పక్కకు ఆపాను.

"యాల నిలిపినావు? పోనీ. డాక్టరమ్మకు సూపించాల్సిందే."

మళ్లీ బయల్దేరాను. కాసేపటికి అవ్వ గొంతు తగ్గించి అడిగింది.

"అది పోయిందా?"

"పోతా ఉండాదవ్వా."

"మళ్లీ రాదు గదా?"

"రాదు."

అవ్వ గిన్నె వైపు తిరిగింది. "అయితే ఇంకో ముద్ద తిను తల్లీ."