'చల్తా హై' అన్న కాలు

2022 వానకాలం. బొంబాయి కామాటిపురలో, గదికో కుటుంబం ఉండే మా చాల్ కింద, మెట్ల పక్కన నా జెరాక్స్ దుకాణం. దుకాణమంటే ఒక మిషను, ఒక కంప్యూటరు, ఒక కుర్చీ. వచ్చినవాళ్ళు కూర్చోవాలంటే నేను లేవాలి. జెరాక్స్ పేరుకే. ఆన్‌లైన్ ఫారాలు నింపడం, అర్జీలు రాయడం అసలు పని. పాలమూరు నుంచి వచ్చిన కూలీలకూ, ఇక్కడే పుట్టినా చదవడం రాని మా గల్లీవాళ్ళకూ ఏ కాగితం వచ్చినా చదివి చెప్పేది నేనే.

గల్లీలో నన్ను గప్పాల నర్సన్న అంటారు. కోతలు కోస్తానని. బొంబాయిలో సగం మేడలు మా తాతే కట్టాడనీ, సున్నం చాలక మిగతా సగం వేరేవాళ్ళకు వదిలేశాడనీ నేను చెప్పేమాట వాస్తవమే. అందులో నిజమెంత అని అడిగే మర్యాదలేనివాళ్ళు మా గల్లీలో లేరు. ఇప్పుడు రాస్తున్నదాంట్లో మాత్రం, పేర్లు తప్ప, నా కల్పన లేదు. ఉంటే దీనికి ఇంతకంటే మంచి ముగింపు పెట్టి ఉండేవాణ్ణి.

కుర్మయ్య తాపీ మేస్త్రీ. పాలమూరు దిక్కు మనిషి. భార్య బాలమణి ఇళ్ళల్లో గిన్నెలు తోముతుంది. ఒక బిల్డింగు పనిలో స్లాబు మీద నుంచి పడి కుర్మయ్యకు తుంటి విరిగింది. ఆపరేషన్ చేశారు కానీ కుడికాలు పొట్టిదైపోయింది, మోకాలు పూర్తిగా ముడుచుకోదు. తాపీ పని పోయింది. ధారావిలో సంచులు కుట్టే కార్ఖానాలో అతని తోడల్లుడు పనిచేస్తాడు. కూర్చుని చేసే పని ఒకటుంది, దసరా దాకా ఆగుతానని కార్ఖానా సేటు మాటిచ్చాడు. అడ్డమొచ్చింది రైలు. గ్రాంట్ రోడ్‌లో లోకల్ ఎక్కడం రెండు కాళ్ళున్నవాళ్ళకే యుద్ధం. దివ్యాంగులకు విడిగా ఉండే రైలు డబ్బా ఎక్కితే సర్టిఫికెట్ చూపమని దింపేశారు.

ఆ సర్టిఫికెట్ ఇచ్చేది మెడికల్ బోర్డు. అంటే సర్కారీ ఆసుపత్రిలో డాక్టర్లు మనిషిని చూసి, వైకల్యం ఎంత శాతమో రాసిస్తారు. నలభైకి తగ్గకుంటేనే ఆ కాగితానికి బలం. కుర్మయ్యకు ముప్పై వచ్చింది. ఆ కాగితం పట్టుకుని నా దుకాణానికి వచ్చాడు.

"అన్నా, ఇది రైల్ల నడ్వదంటున్నరు. జర సూడు."

చూశాను. సాయం లేకుండా నడవగలడు అని రాసి ఉంది. మనిషి ఎదురుగా నిటారుగా నిలబడ్డాడు. ఛాతీ ముందుకు, చేతులు పక్కకు. నాకే అనుమానం వచ్చింది, డాక్టరు సరిగ్గానే రాశాడేమోనని. బోర్డు తీర్పు నచ్చకపోతే అప్పీల్ పెట్టుకోవచ్చు, అంటే మళ్ళీ పరీక్ష చేయమని పైవాళ్ళను అడగవచ్చు. కానీ ఏమని అడగాలి? రేపు రమ్మని పంపాను. అతను పోతూ పోతూ, నేను కంప్యూటరు వైపు తిరిగాననుకుని, దుకాణం ముందున్న మెట్ల దగ్గర వెనక్కి తిరిగాడు. పసిపిల్లలు మంచం దిగినట్టు, రెండు చేతులతో గడప పట్టుకుని, వెనక్కి వెనక్కి దిగాడు. కిందికి చేరాక చొక్కా సర్దుకుని మళ్ళీ ఛాతీ ముందుకు పెట్టాడు.

పిలిచాను. "కుర్మయ్యా, డాక్టరు ముందు ఎట్ల నిలబడ్డవు?"

"మంచిగనే నిలబడ్డ."

"మంచిగనే అంటే?"

"నాకా మీద నిలబడ్డట్టు."

నాకా అంటే పొద్దున్నే కూలీలు పనికోసం నిలబడే కూడలి. కూలీలను కుదుర్చుకునే ముకద్దం వస్తాడు, చూపుతోనే తూస్తాడు, గట్టిగా కనపడినవాణ్ణి తీసుకుపోతాడు. జ్వరమున్నా నడుమునొప్పి ఉన్నా అక్కడ కనపడకూడదు. పదహారేళ్ళప్పటి నుంచి కుర్మయ్యకు తెలిసిన నిలబడటం అదొక్కటే. ఎవరైనా పెద్దమనిషి తేరిపార చూస్తే చాలు, వెన్ను దానంతటదే లేస్తుంది.

"డాక్టరేమడిగిండు?"

"పైర్ చల్తా క్యా అన్నడు. చల్తా హై సాబ్ అన్న."

"నడుస్తదా మరి?"

"ఏడ నడుస్తదన్నా. ఏదో, నడుస్తున్నది."

ఈ ఊళ్ళో బతికినవాళ్ళకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. అన్నం తిన్నావా అన్నా, అద్దె కట్టావా అన్నా, పిల్ల జ్వరం తగ్గిందా అన్నా మేమిచ్చే జవాబు చల్తా హై. బాగుందని కాదు, చెప్పుకోదలచలేదని అర్థం. డాక్టరు అడిగింది కాలు గురించి. కుర్మయ్య చెప్పింది బతుకు గురించి. బయట అంత పెద్ద లైను పెట్టుకుని ఆ డాక్టరు మాత్రం ఏం చేస్తాడు, విన్నది రాశాడు.

గల్లీలో నన్ను మించిన అబద్ధాలవాడు ఉన్నాడని నాకు ఆరోజే తెలిసింది. నావి జనం నవ్వి మర్చిపోయే అబద్ధాలు. ఇతనిది ఒంటితో ఆడే అబద్ధం.

అప్పీల్ అర్జీ నేనే రాశాను. చెయ్యి ఊరుకుంటుందా? ఇరవయ్యో అంతస్తు నుంచి పడ్డాడని, కాలు గాలికి ఊగుతుందని రాసి చదివి వినిపించాను. కుర్మయ్య శ్రద్ధగా విన్నాడు.

"అన్నా, నేను రెండో స్లాబు మీదికెల్లి పడ్డ. ఇర్వయ్యోదైతే అర్జీ ఎవరు పెడ్తుండె? నా దినాలు జేస్తుండిరి."

చింపేసి ఉన్నదున్నట్టు రాశాను. ఆపరేషన్ కాగితాలు, ఎక్స్‌రే జతచేశాను. గణపతి పండుగ పోయాక పిలుపు వచ్చింది.

బోర్డుకు నేనూ వెంట వెళ్ళాను. బాలమణి అతనికి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి తొడిగింది. "ఏం చెల్లె, పెండ్లిసూపులా?" అంటే, "పెద్దోళ్ళ ముంగటికి మాసిన బట్టలతోని పోతరా అన్నా," అంది. ఈసారి డాక్టరు తలనెరిసిన ఆవిడ, నిమ్మళంగా మాట్లాడింది. చెప్పులు విప్పి గోడ దాకా నడిచి రమ్మంది.

కుర్మయ్య ఒకసారి బాలమణి వంక చూశాడు. వెన్ను లేచింది, ఛాతీ ముందుకొచ్చింది. అయిపోయింది, మళ్ళీ ముప్పయ్యే అనుకున్నాను.

"కుర్మయ్యా," అన్నాను తెలుగులో, "ఇది నాకా కాదు. ఈడికెల్లి నిన్ను ఎవ్వడు పనికి తీస్కపోడు. ఆ ఛాతీ దించుకో."

తర్వాత మనిషి లోపల ఏదో కట్టు విప్పినట్టు ముందు భుజం జారింది, తర్వాత నడుము ఒక పక్కకు ఒరిగింది. గోడ దూరం ఎంతో లేదు. ఆ నాలుగడుగులకు అతను కాలును చేత్తో పట్టి ముందుకు లాక్కోవలసి వచ్చింది. గోడ అందాక రెండు అరచేతులూ ఆనించి, నుదురు కూడా ఆనించి నిలబడిపోయాడు. డాక్టరమ్మ రాయడం ఆపి, "బస్, బైఠియే," అంది, ఇక చాలు కూర్చోమని.

బాలమణి అప్పటికే మొహం తిప్పుకుని కిటికీలోంచి బయట ఆగిన అంబులెన్సును చూస్తోంది. వరండాలోకి వచ్చాక నాకు మాత్రమే వినపడేట్టు అంది: "ఇంట్ల గిట్ల నడ్వడన్నా. నాకు ఎప్పుడు గిట్ల కనపడలే."

దసరాకు ముందే సర్టిఫికెట్ వచ్చింది. యాభై అయిదు శాతం. భార్యాభర్తలిద్దరూ దుకాణంలో ఉండగా ప్రింటు తీసి చదివాను. శాతం పక్కన ఇంకో మాట ఉంది: పర్మనెంట్. కాగితాల భాషలో, ఈ వైకల్యం ఇక మారేది కాదు, మళ్ళీ చూడక్కర్లేదు అని.

"పర్మనెంటా?" బాలమణి మొహం వెలిగింది. "పర్మనెంట్ అయ్యిందా అన్నా?"

మా చాల్‌లలో ఆ మాటకు ఒకటే అర్థం. మునిసిపాలిటీలో ఊడ్చేవాళ్ళు, మోరీలు తీసేవాళ్ళు ఏళ్ళ తరబడి బదిలీ కూలీలుగా, అంటే రానివాళ్ళ స్థానంలో రోజుకూలికి, పనిచేసి ఆ ఒక్క మాటకోసం ఎదురుచూస్తారు. పర్మనెంట్ అయితే పెళ్ళిసంబంధం కుదురుతుంది, దేవుడికి కొబ్బరికాయ కొడతారు. అలా పనిచేసిన బాలమణి తండ్రి ఆ మాట వినకుండానే పోయాడు. ఆమె ఇంకేమీ అడగకుండా కొంగు సర్దుకుని మిఠాయి దుకాణానికి పరుగులాంటి నడకతో వెళ్ళింది.

కుర్మయ్య నా ఎదురుగా కుర్చీలో ఉన్నాడు. ఈసారి నిటారుగా లేడు.

"ఒచ్చే ఏడు మల్ల సూపెట్టాల్నా అన్నా?"

"అక్కర్లేదు."

"అంటే ఇగ గింతే."

ఏడాదిన్నరగా అతను తన తాపీకి నూనె రాసి గుడ్డ చుట్టి పెట్టుకుంటున్నాడని తోడల్లుడు తర్వాత చెప్పాడు. సంచులు కుట్టే పని కాలు సదురుకునే దాకే అని అందరితో అనేవాడట. అప్పీల్ గెలిపించానని నేను పొంగిపోయిన నిమిషమే, ఆ ఆశ మీద సర్కారు ముద్ర పడింది.

"దానికి జెప్పకన్నా," అన్నాడు. "ఖుషీగున్నది."

బాలమణి పేడాలు తెచ్చింది. చాల్ అంతా పంచింది, మా ఆయనకు పర్మనెంట్ అయిందని చెప్పి మరీ పంచింది. నేనూ తిన్నాను.

కుర్మయ్య ధారావికి పోవడం మొదలుపెట్టాడు. ఆ డబ్బాలో ఇప్పుడతన్ని ఎవరూ దింపరు. దీపావళి ముందు బాలమణి రేషన్ కార్డు జెరాక్స్‌కు ఒంటరిగా వచ్చింది. మాటల్లో నేనే, "చెల్లె, ఆ రోజు కాగితం సంగతి..." అని మొదలుపెట్టాను.

"నౌకరి గాదని నాకెర్కనే అన్నా," అంది, మిషను వైపే చూస్తూ. "డాక్టరమ్మ ముంగట నేను సూసిన గద. ఆడ కూసోని నేను ఏడిస్తె ఆయనేమైతుండె? అందుకే ఎర్క లేనట్టు పేడాలకు పోయిన. నువ్వు మాత్రం ఆయనకు జెప్పకు."

జెరాక్స్ తీసుకుని వెళ్ళిపోయింది. ఒక్క గదిలో, ఒకే చాప మీద ఇద్దరూ ఒకరికోసం ఒకరు మోస్తున్న ఆ అబద్ధం ఇప్పటికీ అలాగే ఉంది. ఇది వాళ్ళ అసలు పేర్లతో రాయకపోవడానికి కారణం అదే.

వేరే అర్జీలు గెలిస్తే చేతికి ఏదో వస్తుంది. ఈ అప్పీల్ గెలవడమంటే, పోయింది నిజంగా పోయిందని సర్కారుతో ఒప్పించుకోవడం. ఆ తర్వాత కూడా ఇలాంటి అప్పీళ్ళు చాలా రాశాను, కొన్ని గెలిచాయి. గెలిచినప్పుడు ముబారక్ అనడం మానేశాను. కాగితం చేతికిచ్చి, కుర్చీ వాళ్ళకు వదిలి, గ్లాసుతో నీళ్ళు పెట్టి, వాళ్ళంతట వాళ్ళు మాట్లాడేదాకా బయట నిలబడతాను. నాలాంటి వాగుడుకాయకు అంతసేపు నోరు మూసుకుని నిలబడటం చాలా కష్టం. అయినా నిలబడతాను.