మంచానికి మూడు షిఫ్టులు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండూ చేశాక కూడా బుద్ధి రానివాళ్ళ కోసం మూడోది నేను కనిపెట్టాను: కిరాయికిచ్చి చూడు! ఒక్క రేకుల గదితో, ఒక్క నులక మంచంతో నేను తెచ్చుకున్న సర్వనాశనం వింటే మీరు మొదట నవ్వుతారు, తర్వాత తిడతారు. తిట్టండి, ఫరవాలేదు. మా ఆవిడ మరియమ్మ ఆనాడు మొదలుపెట్టిన తిట్లే ఇంకా పూర్తికాలేదు.

డెబ్బైల మొదట్లో మాట. గోదావరిఖని అప్పటికింకా పూర్తిగా ఊరు కాలేదు. కొత్త బొగ్గు బావులు తెరుస్తున్నారు, పల్లెల నుంచి కుర్రాళ్ళు పనికోసం దిగుతున్నారు, క్వార్టర్లేమో చాలవు. పెళ్ళికానివాళ్ళు చాయ్ హోటలు బల్లల మీద పడుకునేవారు. బావి దగ్గర నాకు ల్యాంపు రూములో పని. దిగేవాళ్ళ చేతికి దీపం ఇవ్వడం, పైకొచ్చాక తీసుకోవడం. రోజూ ఆ నిద్రలేని మొహాలు చూసి చూసి నాకు ఆశ పుట్టింది. పల్లెలో భూమి కొన్నవాడు వానకోసం ఆకాశం చూడాలి. ఇక్కడ జాగ కొన్నవాడికి మనుషులే వాన!

మరియమ్మ మేకలు రెండూ అమ్మించి మా గుడిసె పక్కనే ఓ ముక్క జాగ కొన్నాను. గది వేశాను. దాని కిరాయితో ఇంకో జాగ, ఆ జాగలో ఇంకో గది, చివరికి వీధి వీధంతా యోహాను లైన్ అని కలగన్నాను! యోహాను అంటే నేనే. అప్పటికి నా వయసు ముప్పై దాటలేదు కానీ పొగరు మాత్రం అరవై దాటింది.

చిక్కల్లా ఏమిటంటే, గదిలో మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునేది. రెండో మనిషికి నేల మీద కూడా చోటు లేదు. ఎవడైనా ఒక్కడికి ఇచ్చి ఊరుకునేవాడు. నేను ఊరుకుంటానా? బావికి మూడు షిఫ్టులున్నప్పుడు మంచానికి ఎందుకుండకూడదు? పొద్దుటి షిఫ్టువాడికి సాయంత్రం మంచం, రెండో షిఫ్టువాడికి రాత్రి, రాత్రి షిఫ్టువాడికి పగలు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. డ్యూటీలు వేస్తే మూడు ఇముడుతాయి!

కొమురయ్య, పోశం, ఓదెలు అని ముగ్గురు కుర్రాళ్ళు దొరికారు. వాసానికి రైలు పట్టా ముక్క వేలాడదీసి, షిఫ్టు మారగానే నేనే ఠంగుమని కొట్టేవాణ్ణి.

"అన్నా, మంచం ఇంక సల్లబడనే లేదు. కొమురయ్య ఒంటి కాక అట్లనే ఉన్నది" అనేవాడు ఓదెలు.

"సలికాలం గదరా, మంచిదే. కాకకు వేరే కిరాయి అడుగుతలేను, సంతోషపడు."

అని వాడే నవ్వేవాడు, పిచ్చివాడు. ముగ్గురిలోకీ చిన్నవాడు, నవ్వడం తప్ప ఎదురుచెప్పడం రానివాడు.

వానాకాలం వచ్చింది. ఒక పొద్దున రాత్రి షిఫ్టు దిగిన పోశం నల్లటి మొహంతో గడపలో నిలబడ్డాడు. మంచంలో ఓదెలు ముసుగు తీయలేదు. నేను పట్టా మళ్ళీ కొట్టాను.

"అన్నా, జరమొచ్చింది. ఒళ్ళంత కాలుతున్నది. ఇయ్యాల నాగా పెట్టి పండుకుంట."

"నాగా బాయికి పెట్టుకో తమ్మీ. మంచానికి నాగా లేదు. నీ షిఫ్టు అయిపాయె, లే."

పోశమే అన్నాడు, "పండనియ్యన్నా, నేను హోటల్ల కూసుంట."

"ఇయ్యాల ఒకనికి ఇడిస్తే రేపు ముగ్గురికి జరమొస్తది. రూలంటే రూలే!"

గుడిసెలోంచి మరియమ్మ అరిచింది. "నీ రూలు మీద మన్నువడ! పిలగాడు వణుకుతుండు, కండ్లు కనవడ్తలేవా? ఓదెలూ, మా ఇంట్లకు రా బిడ్డా."

"నడుమ నువ్వెందుకు? ఓనర్ను నేను!"

ఓదెలు మెల్లగా లేచి చెద్దరు మడిచాడు. "వద్దు వదినే. మంచం లేనోనికి నాగా ఎందుకు? డ్యూటీకే పోత."

మధ్యాహ్నం వాడికి దీపం ఇచ్చింది నేనే. చెయ్యి తగిలితే పొయ్యిలా ఉంది. "జర పైలం తమ్మీ" అన్నాను. ఓనర్ల దయ అంతవరకే ఉంటుంది.

నేను డ్యూటీ దిగి ఇంటికొచ్చాక, పొద్దుగూకే వేళ సైరన్ కూసింది. వేళకాని వేళ అది కూస్తే మా దగ్గర పొయ్యి మీది అన్నం పొయ్యి మీదే మాడుతుంది. ఆడవాళ్ళు చెప్పుల్లేకుండా బావి మీదికి పరుగెత్తారు. వాళ్ళ వెనకాల మరియమ్మ, ఆమె వెనకాల నేను.

"ఏమాయె కాకా?" అని పైకొచ్చిన మేస్త్రీని పట్టుకున్నాను.

"కప్పు కూలింది. సప్పుడినంగనే అందరం ఉరికినం. ఆ ఓదెలు ఒక్కడే... గోడకానుకొని కునుకుతుండె. బండ కిందవడ్డడు."

పైన నేను నిద్ర లేపిన పిల్లవాడు కింద నిద్రపోయాడు. మరియమ్మ నావైపు చూసింది, తిట్టలేదు. ఆ ఒక్కసారే తిట్టలేదు. ఆ వానలోనే మోకాళ్ళ మీద పడి, "ప్రభువా, జాగ నువ్వు తీసుకో, రేకులు నువ్వు తీసుకో, పిలగాన్ని నాకియ్యి" అని బేరమాడాను. ప్రభువు నాకన్నా గట్టి బేరగాడు. పిల్లవాణ్ణి ఇచ్చాడు, ఒక కాలు ఉంచుకున్నాడు.

దవాఖాన నుంచి వాణ్ణి మా గదికే తెచ్చుకున్నాం. కొమురయ్య, పోశం మా గుడిసెలోకి మారారు. నా మంచం వాళ్ళకు పోయింది. ఒక మంచం మీద ముగ్గురిని పడుకోబెట్టిన మొనగాడు గోనెసంచి మీద పడ్డాడు. కిరాయి మాట ఎత్తడానికి నాకు నోరెక్కడిది?

మొదటి పొద్దున ఓదెలుకు గంజి తీసుకుపోయాను. వాడు రేకుల వైపు చూస్తూ ఏదో లెక్కేసుకుంటున్నాడు.

"అన్నా, ఇగ పొద్దంత, రాత్రంత నేనే పండుకుంట గదా?"

"పండుకో తమ్మీ."

"మరి మూడు షిఫ్టుల కిరాయి నేనొక్కన్నే ఇయ్యాల్నా?"

పరాచికమైతే బతికిపోయేవాణ్ణి. వాడు నిజంగానే అడిగాడు, ఎట్లా కట్టాలా అని ఫికర్ పడుతూ అడిగాడు. గంజి గిన్నె పక్కన పెట్టి, అక్కడే కూర్చుని, పెద్దమనిషినన్న సిగ్గు లేకుండా ఏడ్చాను.

కనుక చదువరులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకొకరికి ఓనర్‌ను కాను. పడుకున్న మనిషిని లేపను. ఇంటికి నిప్పంటుకున్నా సరే, నలుగురిని పిలిచి మంచంతో సహా బయటికి మోయిస్తాను గానీ, లేపను.