మావయ్య కోసం తీసిపెట్టిన బిళ్ళలు

మొన్న ఆదివారం న్యూ టౌన్‌లో మా అబ్బాయి ఇంట్లో, కోడలు ఏదో పొట్లం చింపి గుండ్రటి మాంసం బిళ్ళలు పెనం మీద వేసింది. కొవ్వు కరిగి చిటపటలాడుతూ మిరియాలూ జాజికాయా కలిసిన వాసన హాల్లోకి వచ్చేసరికి, చేతిలో పేపరు పక్కన పడేసి, మనసులో మళ్ళీ చిన్నపిల్లనై గార్డెన్ రీచ్‌లో ఓడరేవు దగ్గరి మా పాత ఇంట్లో మేనత్త సుగుణమ్మ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

అరవైల నాటి మాట. మా నాన్న రేవులో క్రేను పని చేసేవాడు. ఆయన చెల్లెలు సుగుణత్త మా ఇంట్లోనే ఉండేది, ఎందుకంటే ఆవిడ భర్త ప్రకాశం మావయ్య ఓడ వంటగదిలో పనివాడు, ఏడాదిలో సగానికి పైగా నీళ్ళ మీదే గడిపేవాడు. పేగులో కూరకుండా చేత్తో ఒత్తి వేయించే ఈ సాసేజీ బిళ్ళలు ఆయన నేర్పినవే.

చలి మొదలయ్యాక శనివారం సాయంత్రం, గంగ మీద మంచు దిగి ఓడల కూతలు దూదిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంటే, అత్త కొవ్వున్న పంది మాంసం చెక్క మీద పెట్టి ఓపిగ్గా కైమా కొట్టేది. వెల్లుల్లి, దంచిన మిరియాలు, ఎండుమిరప పలుకులు, అరగదీసిన జాజికాయ, చెంచాడు వెనిగరు వేసి, మావయ్య ఓడలో తెచ్చిన సీమ మసాలా ఆకుల సీసా అయిపోయాక డబ్బాలో పెంచిన వామాకు ఎండబెట్టి నలిపి వేసి, వేళ్ళు కొంకర్లు పోయేదాకా పిసికి, కిటికీ దగ్గర చలిలో మూతపెట్టి ఉంచేది. తెల్లవారి మేం ప్రార్థనకు తయారవుతుంటే బొగ్గుల పొయ్యి మీద అవి ఎర్రగా వేగేవి. పావురొట్టెతో పెనానికి అంటిన జిడ్డు తుడుచుకు తినడానికి నేనూ తమ్ముడూ కొట్టుకునేవాళ్ళం.

అత్త అందరికంటే ముందు మావయ్య కోసం రెండు బిళ్ళలు తీసి, సత్తు పళ్ళెంలో పెట్టి మూత వేసేది. మావయ్య ఒకసారి ఆదివారం పొద్దున్నే చెప్పకుండా దిగాడట, అప్పటినుంచీ ఆ అలవాటు. ఆ తర్వాత ఎక్కిన ఓడ నుంచి మాత్రం తిరిగి రాలేదు, ఉత్తరాలూ ఆగిపోయాయి. అయినా పళ్ళెం కదిలేది కాదు. సాయంత్రం ఆ చల్లారిన బిళ్ళలు మాకు పంచేది, తను ముట్టేది కాదు.

ఒక ఆదివారం మావయ్యతో పనిచేసిన అప్పన్న వచ్చాడు. అమ్మానాన్నలు ఇంకా ప్రార్థన గుడి దగ్గరే ఉన్నారు. గుమ్మంలో నేనున్నానని కూడా చూసుకోకుండా, తల దించుకుని చెప్పాడు.

"మీ ఆయన బాగానే ఉన్నాడు సెల్లీ. ఆ దేశంలోనే దిగిపోనాడు. ఓ మనిషిని కట్టుకున్నాడు, గుంటడు కూడా పుట్టినాడు. ఇంక ఎదురు సూడకు."

అత్త లోపలికి వెళ్ళి ఆ పళ్ళెం తెచ్చి అతని ముందు పెట్టింది.

"తిను అన్నా. సల్లారితే కొవ్వు పేరుకుంటాది."

అతను తినలేక తినలేక తిన్నాడు. అత్త ఎదురుగా నిలబడి చూసింది.

నాన్న రాగానే జరిగింది చెప్పి, "సముద్రంలో పోనాడని అందరికీ సెప్పీ అన్నయ్యా," అంది.

"బతికున్నోడికి సచ్చినోడికి పెట్టినట్టు ఆదరణ కూడికేటే?"

"ఒదిలీసినాడని నలుగురూ అంటే నాను బతకనేను."

నాన్న కూడిక సంగతి మాట్లాడ్డానికి పాస్టరుగారి ఇంటికి బయల్దేరాడు.

కూడికకు మా వరస ఇళ్ళవాళ్ళంతా వచ్చారు. బొబ్బిలి, టెక్కలి వైపు ఆడవాళ్ళు అత్తను పట్టుకుని ఏడ్చారు. అత్త నటించలేదు, గుండె పగిలేలా నిజంగానే ఏడ్చింది. చాప మీద నాన్న పక్కన కూర్చుని ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆ తర్వాత అత్త ఇంకెన్నడూ మాంసం కైమా కొట్టలేదు. అమ్మ ఒకసారి చేసింది గానీ మా ఎవరికీ మింగుడు పడలేదు.

ఆ వరస ఇళ్ళు కొట్టేశారు. అక్కడిప్పుడు ఓడ సరుకుల ఇనప పెట్టెలు మేడల్లా పేర్చి ఉన్నాయి. తెలుగు ప్రార్థన వినిపించే గదీ లేదు, ఆ ఆడవాళ్ళూ లేరు. అత్త నడివయసులోనే పోయింది. అప్పన్నా, అమ్మా, నాన్నా కూడా పోయాక, అసలు సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

కిందటి నెల మనవరాలిని వెంటబెట్టుకుని సమాధుల తోటకు వెళ్ళాను. దానికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అత్త రాతి మీద నాచు గోకి, "ఏం రాశారు నానమ్మా?" అని అడిగింది.

"సముద్రంలో మరణించిన ప్రకాశం భార్య, సుగుణమ్మ," అని ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను.