తమ్ముడి గోడౌన్‌లో ఆరుగురు ఇంటర్న్‌లు

యూనివర్సిటీ కాగితాల్లో ఆమె హోదా వేరే ఏదో ఉంది గానీ దాన్ని ఎవరూ వాడరు. బిజినెస్ డిగ్రీ పిల్లలకు ఆమె ఫోన్ మేడమ్. మూడో సంవత్సరంలో ఎనిమిది వారాల పాటు ఏదైనా సంస్థలో ఇంటర్న్‌షిప్ చేసి, రిపోర్టు రాసిస్తే తప్ప ఆ డిగ్రీ చేతికి రాదు. సంస్థల్ని వెతికిపెట్టే బాధ్యత ఆమెది. ఏటా నూట నలభై మంది పిల్లలకు ఆమె ఒక్కతే దిక్కు. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, ఒక చేత్తో రాసుకుంటూ, రెండో చేత్తో గుమ్మంలో నిలబడ్డవాళ్ళను లోపలికి రమ్మని సైగ చేస్తూ పదిహేడేళ్ళు నెట్టుకొచ్చింది. మెడ ఎడమవైపుకు వాలిపోయిందని భర్త వేళాకోళం చేస్తుంటాడు. ఫోటోల్లో చూసుకుంటే ఆమెకూ నిజమే అనిపిస్తుంది.

"మా పిల్లలు బంగారమండీ. మీరు ఒక్క మూల చూపించండి చాలు, వాళ్ళే సర్దుకుంటారు," అని ఎదుటివాళ్ళు ఫోను పెట్టేయబోతుండగా గబగబా చెప్పేస్తుంది. సగం మంది ఆ తొందరకే జాలిపడి ఒప్పుకునేవారు.

చురుకైన పిల్లలకూ, ఏ ఆఫీసులోనో బాబాయో మేనమామో ఉన్న పిల్లలకూ ఆమెతో పెద్దగా పని పడదు. ఎటొచ్చీ చివర్లో మిగిలిపోయే పాతిక మందితోనే తంటా. వీళ్ళలో నోరు విప్పని వాళ్ళుంటారు, మంచి చొక్కా ఒక్కటే ఉన్నవాళ్ళుంటారు, ఇంటర్వ్యూ అనగానే చెమటలు పట్టే వాళ్ళుంటారు. ఎనిమిదేళ్ళ కిందట ఒకసారి గడువు రెండు రోజుల్లో ఉందనగా ఆరుగురు మిగిలిపోయారు. ఏం చేయాలో తోచక తమ్ముడికి ఫోన్ చేసింది.

ఆ తమ్ముడు ఆమెకన్నా ఎనిమిదేళ్ళు చిన్న. తల్లి షిఫ్టుల్లో పనిచేసేది కాబట్టి వాడికి బూట్ల లేసులు కట్టడం దగ్గర్నుంచి ఎక్కాలు అప్పజెప్పించుకోవడం దాకా అన్నీ ఆమే చూసుకుంది. ఎక్కాలు మాత్రం ఎంత చెప్పినా వాడి తలకెక్కలేదు. పదో తరగతి తప్పి, ఒక హార్డ్‌వేర్ కొట్లో పెట్టెలు మోయడానికి కుదిరాడు. ఇప్పుడు తాళాలు, గడియలు, తలుపు బందులు ఊళ్ళోని కొట్లన్నిటికీ అతనే టోకున వేస్తాడు. రెండంతస్తుల గోడౌనూ, పద్నాలుగు మంది పనివాళ్ళూ ఉన్నారు.

"ఆరుగురేగా, పంపించక్కా," అన్నాడు ఆ రోజు. ఆమె ప్రాణం లేచొచ్చింది. అప్పట్నుంచి ఏటా ఆరుగురు అక్కడికే. ఆ పేర్లు జాబితాలో చివర రాసుకుని, ఆ వరుసకు ఎదురుగా నిశ్చింతగా టిక్కు పెట్టేది.

ఈ ఏడు కొత్తగా వచ్చిన విభాగాధిపతి ఒక మెలిక పెట్టాడు. మూడో వారం చివర పిల్లలందరూ సగం రిపోర్టు ఇవ్వాలన్నాడు. ఆ కట్టలోంచి, తమ్ముడి దగ్గరకు పంపిన ఒక కళ్ళజోడు అమ్మాయి రాసిన కాగితం బయటపడింది. మొత్తం కలిపి మూడు వాక్యాలు.

"మూడు వారాల్లో సుమారు పదకొండు వేల పెట్టెలకు లేబుళ్ళు అంటించాను. లేబుల్ వంకర పోకుండా ఉండాలంటే ముందు ఎడమ మూల ఆనించి, తర్వాత బొటనవేలితో కుడివైపుకు తోసుకుంటూ పోవాలి. ఇంతకు మించి ఏదైనా నేర్చుకుంటే తప్పకుండా రాస్తాను."

ఫోన్ మేడమ్‌కు మొదట నవ్వొచ్చింది. వెంటనే ఒళ్ళు మండింది. సాయంత్రం ఆ పిల్లను పిలిపించింది.

"ఏంటమ్మా ఇది? రిపోర్టు ఇలాగేనా రాసేది?"

"జరిగింది అదే మేడమ్."

"మిగతా అయిదుగురూ చక్కగా పేజీలు పేజీలు రాశారుగా!"

"సీనియర్ల దగ్గర ఒకటి ఉంది మేడమ్. అందరూ దాన్నే దించేసుకుంటారు. నన్నూ దించమంటారా? దించేస్తాను, మీరు చెప్పండి."

ఆ పిల్ల ఎదురు తిరుగుతున్నట్టు లేదు. నిజంగానే అడుగుతోంది. ఫోన్ మేడమ్ సరే వెళ్ళమంది. అమ్మాయి వెళ్ళాక బీరువా తీసి, తమ్ముడి సంస్థ పేరున్న పాత రిపోర్టులన్నీ బల్ల మీద పరిచింది. ఏటా ఆరు చొప్పున కిందటేటి దాకా నలభై ఎనిమిది. నలభై ఎనిమిదింటిలోనూ రెండో పేజీ మొదట్లో ఒకే వాక్యం: "సంస్థలోని వివిధ విభాగాల పనితీరును దగ్గరగా పరిశీలించే అవకాశం కలిగింది." ఒకరు పరిశీలించేకు దీర్ఘం పెట్టడం మర్చిపోతే, ఆ తర్వాత నాలుగేళ్ళ పాటు అందరూ ఆ తప్పును కూడా దించేశారు. అన్నిటి కిందా తన సంతకమే.

మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా గోడౌన్‌కు వెళ్ళింది. తమ్ముడి దగ్గరికి రావడం కొత్త కాదు గానీ, వచ్చినప్పుడల్లా ముందున్న గాజు తలుపుల గదిలో కూర్చుని, టీ తాగి వెళ్ళిపోయేది. వెనక్కి ఎప్పుడూ అడుగుపెట్టలేదు. ఈసారి నేరుగా వెనక్కి నడిచింది. రేకుల కప్పు కింద ఇనుము వాసన, అట్టల దుమ్ము. ఒక మూల ఆరుగురూ చెక్కపెట్టెలు బోర్లించుకుని గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో అట్టపెట్టెల గుట్ట. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. ఆమెను చూసి అందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఆ లేవడం చూసి ఆమెకు సిగ్గేసింది.

"కూర్చోండి, కూర్చోండి," అంటూ తనూ ఒక పెట్టె మీద కూలబడి, ఏం చేయాలో తెలియక ఒక లేబుల్ తీసి అంటించింది. అది వంకరగా పోయింది.

"ఎడమ మూల, మేడమ్," అంది కళ్ళజోడు అమ్మాయి నెమ్మదిగా.

ఇంతలో కబురందినట్టుంది, తమ్ముడు పరుగులాంటి నడకతో వచ్చి, ఆమెను గాజు గదిలోకి తీసుకెళ్ళి తలుపేశాడు.

"చెప్పాపెట్టకుండా వచ్చావేంటక్కా?"

"పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో చూద్దామని."

"చూశావుగా. బుద్ధిమంతులు. కాకపోతే చేతిలో ఒడుపు తక్కువ. సగం లేబుళ్ళు మావాళ్ళు మళ్ళీ పీకి అంటించుకోవాలి."

"మరి ఎందుకు పెట్టుకున్నావురా?"

"ఎందుకేంటి, నువ్వు పంపించావని! నా పనివాళ్ళు ఇద్దరైతే పది రోజుల్లో అవగొట్టేస్తారు. నీ మొహం చూసి కదా ఏటేటా భరిస్తున్నాను."

తమ్ముడికి ఊరికే ఆరు జతల చేతులు దొరుకుతున్నాయని ఆమె ఇన్నాళ్ళూ లోలోపల మురిసిపోయింది. అతనేమో అక్క పరువు కాపాడుతున్నానని మురిసిపోయాడు. మధ్యలో పిల్లలు దుమ్ములో కూర్చున్నారు.

"వ్యాపారం ఎలా చేస్తారో చూపించొచ్చుగా వాళ్ళకి."

"నేనా? పదో తరగతి తప్పినవాణ్ణి, డిగ్రీ వాళ్ళకి నేనేం చూపించను? మొదటేడు ఒకడు నన్ను నిలబెట్టి, మీ మార్కెటింగ్ స్ట్రాటజీ ఏంటి సార్ అన్నాడు. నోట మాట రాలేదు. నా పనివాళ్ళ ముందు! ఇంకోసారి ఎవడేం అడుగుతాడోనని అందర్నీ వెనక్కి పంపించేశాను."

ఆ క్షణాన ఆ మాట ఆమె చెవికెక్కలేదు. కోపంలో ఉంది. ఆ కోపం తమ్ముడి మీద కన్నా తన మీదే ఎక్కువ. "రేపట్నుంచి మా పిల్లలు రారు," అని లేచింది.

"తీసుకుపో. తొమ్మిదేళ్ళు నీ మాట నిలబెట్టినందుకు నాకు బాగానే బుద్ధొచ్చింది," అన్నాడతను మొహం తిప్పుకుని.

ఇంకా అయిదు వారాలుంది. ఆమె రోజంతా ఫోన్ పట్టుకుని వదల్లేదు. ఒక ప్రింటింగ్ ప్రెస్సు ఇద్దర్ని తీసుకుంది, బస్సుల ఆఫీసొకటి ఇంకో ఇద్దర్ని, లాండ్రీ ఒకర్ని. మిగిలింది కళ్ళజోడు అమ్మాయే. "మధ్యలో ఎందుకు మానేశావు?" అని ఎవరడిగినా ఉన్నదున్నట్టు చెప్పేది. విన్నవాళ్ళు రెండోసారి పిలిచేవారు కాదు.

"కాస్త సర్ది చెప్పకూడదామ్మా?" అని ఒకరోజు ఫోన్ మేడమ్ బతిమాలింది.

"సర్ది చెప్పడం నాకు రాదు మేడమ్. ప్రయత్నిస్తే ఇంకా ఘోరంగా వస్తుంది."

ఆ రోజుల్లోనే ఆమె పాత జాబితాలు తీసి, తమ్ముడి దగ్గర చేసి వెళ్ళిన పిల్లలకు ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టింది. ముప్ఫై మంది దాకా దొరికారు. చాలామంది నవ్వేశారు. ఇప్పటికీ ఏ పెట్టె మీదైనా లేబుల్ వంకరగా కనిపిస్తే చెయ్యి ఊరుకోదని ఒకావిడ చెప్పింది. ఒకతను మాత్రం నవ్వలేదు.

"మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో, ఇంటర్న్‌షిప్‌లో ఏం చేశావని అడిగారు మేడమ్. రిపోర్టులో ఉన్నది అప్పజెప్పాను. ఏ విభాగాలు, వాటి గురించి చెప్పు అన్నారు. ఏం చెప్పను? అబద్ధాలకోరుని చూసినట్టు చూశారు. ఆ రిపోర్టు మీద సంతకం పెట్టేటప్పుడు మీరు ఒక్కసారి చదివి ఉంటే బాగుండేది."

"బాబూ..." అంది ఆమె. అవతల ఫోన్ పెట్టేశాడు. తర్వాత అతనికి క్షమించమని ఉత్తరం రాసింది. జవాబు రాలేదు.

తమ్ముడు పదకొండు రోజులు ఫోన్ ఎత్తలేదు. పన్నెండో రోజు మధ్యాహ్నం ఆమె తలెత్తి చూస్తే, గుమ్మం బయట పిల్లల వరుసలో నిలబడి ఉన్నాడు. తన వంతు వచ్చేదాకా ఆగి, లోపలికొచ్చి, పిల్లలు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. ఈ గదికి అతను రావడం అదే మొదటిసారి.

"ఒకమ్మాయికి ఇంకా దొరకలేదటగా. బయట పిల్లలు అనుకుంటున్నారు."

"అవును."

"ఆ కళ్ళజోడు పిల్లేనా?"

"ఆ పిల్లే."

అతను బల్ల మీది స్టాప్లర్‌ను అటూ ఇటూ జరిపాడు. "ప్రశ్నలు వేస్తుందనుకుంటా."

"వేస్తుంది."

"తెలియనివి అడిగితే... తెలియదని చెప్పొచ్చా అక్కా?"

ఆ రోజు గాజు గదిలో అతనన్నది అప్పుడు దిగింది ఆమె మనసులోకి. "చెప్పొచ్చురా. నాకు తెలియదని నువ్వు ఆ రోజే చెప్పావు. నేనే వినిపించుకోలేదు," అంది.

"అయితే పంపించు. లేబుళ్ళు లేవు, ఏమీ లేవు. నాతో పాటు కొట్లకి తీసుకెళ్తాను."

విభాగాధిపతి దగ్గర ఇంకో రెండు వారాలు గడువు తెచ్చుకుంది ఫోన్ మేడమ్. మొదటి రెండు రోజులు వ్యాన్‌లో ఇద్దరూ కొయ్యబొమ్మల్లా బిగుసుకుని కూర్చున్నారట. మూడో రోజు ఆ పిల్ల ఉండబట్టలేక అడిగింది. "ఆ కొట్టాయన పెద్ద తాళాలు వద్దన్నాడు కదా సార్, అయినా ఎందుకు దింపారు?"

"పక్క వీధి చూశావా? నాలుగు ఇళ్ళు లేస్తున్నాయి. రెండింటికి కప్పు వేసేశారు. ఇంకో నెలకి తలుపులు పెడతారు. అప్పుడు ఈయన గాభరాగా నాకు ఫోన్ చేస్తాడు. అదేదో ఇప్పుడే ఉంటే పోలా?"

పిల్ల పుస్తకం తీసి రాసుకుంది. "ఏం రాస్తున్నావు?" అన్నాడు. "మీరు చెప్పిందే," అంది. తన నోటి మాట ఎవరో పుస్తకంలోకి ఎక్కించడం అతని జీవితంలో అదే మొదలు. ఆ సాయంత్రం అక్కకు ఫోన్ చేసి, "రాసుకుందక్కా!" అని రెండుసార్లు చెప్పాడు.

ముప్ఫై ఒక్క కొట్లు తిరిగారు. ఆ అమ్మాయి ప్రతి కొట్లోనూ తనకు కావలసిన ప్రశ్న ఒకటి వేసుకుంది: పెట్టె మీద ఈ లేబుల్ మీకు దేనికి పనికొస్తుంది? ఇద్దరే పనికొస్తుందన్నారు. మిగతావాళ్ళు సైజు, రంగు చూసి సరుకు తీసుకుంటున్నారు. కొంతమంది లేబుల్ అడ్డమని చింపేస్తున్నారు. పదకొండు పేజీల రిపోర్టులో ఒక పేజీ నిండా అదే రాసింది.

తమ్ముడు ఆ పేజీ చదివించుకుని రెండు రోజులు అలిగాడు. "నువ్వే నెత్తికెక్కించుకున్నావు ఆ పిల్లని. నేను పెట్టెలు మోసిన కొట్లో అలాగే అంటించేవాళ్ళు, అందుకే అంటించాను. ఎందుకని నన్నెవరడిగారు?" అని అక్క మీద విసుక్కున్నాడు. మూడో రోజు లేబుళ్ళు ఆ రెండు కొట్ల సరుకుకు మాత్రమే చాలని చెప్పేశాడు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ రిపోర్టులో భాష కరుకుగా ఉందని అంతంత మాత్రం మార్కులే వేశాడు. డిగ్రీ మాత్రం చేతికొచ్చింది.

ఫోన్ మేడమ్ ఇప్పుడు వారానికి రెండు రోజులు బల్ల దగ్గర దొరకదు. పిల్లలు పనిచేసే చోట్లకు వెళ్ళి, వాళ్ళ పక్కన కూర్చుని చూసొస్తుంది. అలా చూసి పదకొండు సంస్థల్ని జాబితాలోంచి కొట్టేసింది. దాంతో మరుసటి ఏడు తొమ్మిది మందికి చోటు దొరక్క ఆరు నెలలు ఆగాల్సి వచ్చింది. ఒక తండ్రి గదిలోకొచ్చి, మీ పట్టుదలకి మా వాడి బతుకు బలిపెడతారా అని కేకలేశాడు. ఆయన అన్నదాంట్లో న్యాయం లేదని ఆమె అనుకోలేకపోయింది. ఆ తొమ్మిది మంది పేర్లు గోడకు అంటించుకుని, మర్నాటి నుంచి మొదటి ఫోన్లన్నీ వాళ్ళ కోసమే చేసింది.

ఆ ఏడు పిల్లల్ని పంపే రోజులు రాగానే తమ్ముడే ముందు ఫోన్ చేశాడు.

"అక్కా, ఈసారి ఇద్దరు చాలు. ఇద్దరైతే వ్యాన్‌లో ముందు సీట్లో పడతారు."

"ఎలాంటి వాళ్ళు కావాలి?"

"ఎలాంటి వాళ్ళయినా పర్లేదు. మరీ నోరు లేనివాళ్ళని మాత్రం పంపకు, తోచదు."

ఆమె ఇద్దర్ని పంపింది. మొదటి రోజు మధ్యాహ్నం రెండున్నరకు, ఎలా ఉందో కనుక్కుందామని ఫోన్ చేస్తే అతను గుసగుసగా మాట్లాడాడు.

"ఈ వ్యాపారం ఎలా నేర్చుకున్నారు సార్ అని అడిగారక్కా. పొద్దున మొదలుపెట్టాను, ఇంకా అవలేదు. పాపం భోజనాలు కూడా చేయలేదు వాళ్ళు. మళ్ళీ చేస్తాను, ఉండు."