ఐసు లేని పొట్లం

పోయినవి ముందు చెబుతాను. నీలకంఠ అనే మంచినీటి రొయ్యపిల్లలు ముప్పై వేలు. చెరువు తవ్వడానికి కొట్టించిన కాపు కొబ్బరిచెట్లు తొంభై రెండు. రాజోలు దగ్గర మాకున్న ఎకరన్నర తోట అంతా అదే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అందరూ రొయ్యలంటే నేనూ రొయ్యలన్నాను.

వదిలిన ఆరో రోజుకి పిల్లల తోకలు సున్నం పూసినట్టు తెల్లబడ్డాయి. పదో రోజుకి ఆ చెరువు మీద బతికింది కాకులే.

ఆ పిల్లల్ని, అంటే సీడు, తెచ్చిన ఏజెంటు మా ఆవిడకు తమ్ముడి వరస. నిలదీస్తే ఇస్త్రీ చొక్కా జేబులోంచి కాగితం తీశాడు.

"పరీక్ష చేయించేకే ఇచ్చేను బావగారూ. రోగం లేదని రాసేరు, చూడండి. తెగులు మీ నీళ్లలోదే."

"ల్యాబుకి ఎలా పంపేవు?"

"పిడికెడు పిల్లల్ని పొట్లం కట్టి కాకినాడ బస్సు కండక్టరుకిచ్చేను. టైగరు రొయ్యకి ఏళ్ల తరబడి అంతే కదండీ!"

"ఐసు పెట్టేవా?"

"చచ్చిన పిల్లలకి ఐసెందుకండీ? ఉక్కపోస్తుందనా?"

పక్కనున్న రైతులిద్దరు పగలబడి నవ్వారు. వాళ్ల చెరువుల్లోనూ ఆ సీడే ఉంది.

నేను మా అమ్మాయి ఇంటర్ జీవశాస్త్రం పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. టైగరు రొయ్యను చంపే తెల్లమచ్చ వైరస్‌లో ఉండేది డీఎన్ఏ. అది తరాలపాటు దాచుకోవలసిన సమాచారం. అందుకే దాని పోగుకి రెండు పేటలు. ఒక పేట చెడితే రెండోదాన్ని చూసి దిద్దుకోవచ్చు. దాని చక్కెరలో ఆర్ఎన్ఏ కన్నా ఒక ఆక్సిజన్ తక్కువ, కాబట్టి తొందరగా తెగదు. ఎండిన రొయ్య తలలో కూడా దొరుకుతుంది. నీలకంఠ తోకను తెల్లబరిచే వైరస్‌లో ఉండేది ఆర్ఎన్ఏ. కణంలో ఆర్ఎన్ఏ పని చాలావరకు కబురు మోసి, పనయ్యాక చెరిగిపోవడం. చెరగకపోతే నిన్నటి కబురుకే కణం ఇవాళా పని చేస్తుంది. అందుకని ఒంటిపేట. ఆ ఎక్కువున్న ఆక్సిజనే దాన్ని తెగేలా చేస్తుంది. కుళ్లే మాంసంలోనూ, మన చేతి చెమటలోనూ దాన్ని కోసేసే ఎంజైములుంటాయి.

అలాంటిదాన్ని మా మహానుభావుడు మే నెల ఎండలో, బస్సులో, టిక్కెట్టు లేకుండా పంపించాడు. పొట్లంలో వెతకడానికి ఏం మిగిలి ఉంటుంది? ఏమీ దొరకలేదని ల్యాబు రాసింది నిజమే. రోగం లేదని చదువుకున్నది ఇతగాడు.

పుస్తకం పట్టుకెళ్లి మళ్లీ అడిగాను. "పొట్లం దారిలో ఎన్ని గంటలుంది?"

"అదేం లెక్క బావగారూ! బస్సు ఎప్పుడెళితే అప్పుడు."

ఆ గంటలు తెలిస్తే ఆ కాగితానికి విలువుందో లేదో తేలుతుంది. మా ఆవిడ ఇప్పటికీ మన నీళ్లే మంచివి కావంటుంది. ఆ తమ్ముడు ఇప్పటికీ మా ఇంటికి వస్తాడు, కాఫీ తాగుతాడు. ఆ ఒక్క అంకె మాత్రం ఈ రోజుకీ బాకీయే.