మా ఆయన బండికి దీవెన

మా ఆయన జెనోన్ తప్పుల నుంచి పాఠాలు నేర్చుకోడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ప్రతి తప్పు నుంచీ ఒక పాఠం నేర్చుకుంటాడు. కాకపోతే అది నేర్చుకోవాల్సిన పాఠం కాదు, అంతే.

పెళ్లైన మొదటి క్రిస్మస్‌కే నాకా సంగతి తెలిసొచ్చింది. పండగ ముందురోజు మా నాన్న భోజనానికి వస్తున్నాడని వంటింటి బల్లమీద గసగసాల రొట్టె చుడుతున్నాను. అదే బల్లకి అవతలి చివర ఈ మహానుభావుడు మోటారుసైకిలు కార్బొరేటరు విప్పి పరిచాడు. షెడ్డులో చలిగా ఉందట! మా ఆచారం ప్రకారం సాయంత్రం ఆకాశంలో మొదటి చుక్క కనబడ్డాక అందరం భోజనాలకి కూర్చున్నాం. చివర్లో మా నాన్న రొట్టె కొరికాడు. టక్కుమంది. ఆయన నోట్లోంచి ముందు సగం పన్ను, దాని వెనకే చిన్న ఇత్తడి ముక్క బయటికొచ్చాయి. కార్బొరేటరులో పెట్రోలు పోయే జెట్టు అది.

"అమ్మయ్య, దొరికింది! పొద్దుట్నుంచీ దీనికోసం ఇల్లంతా గాలిస్తున్నా మామా!" అన్నాడు మా ఆయన, మొహం ఇంత చేసుకుని.

మా నాన్న ఆ తర్వాత చాన్నాళ్లు మా ఇంట్లో సూపు తప్ప ఏమీ ముట్టుకోలేదు. జెనోన్ మాత్రం ఆ రాత్రే గంభీరంగా నాకు చెప్పాడు: "ఒక్కటి అర్థమైంది లుత్సినా. బండి విప్పిన రోజు ఇంట్లో రొట్టె చెయ్యకూడదు."

ఇదీ వరస.

ఇంకోసారి పెట్రోలు ట్యాంకులో తుప్పు పట్టింది. దోసకాయలు ఊరిన ఉప్పునీళ్లు పోస్తే తుప్పు వదులుతుందని ఎవరు చెప్పారో ఏమో. నేను నేలమాళిగలోకి వెళ్లేసరికి ఏముంది, జాడీలో దోసకాయలు నీళ్లు లేక నోళ్లు వెళ్లబెట్టుకుని ఉన్నాయి. ఏడాదికి సరిపడా పెట్టుకున్నవి! ఒళ్లు మండిపోయింది. తుప్పయితే వదిలింది, కాదనను. కానీ ఆ నీళ్లని వడకట్టాలన్న ఆలోచన ఈయనకి రాలేదు. మా చెల్లెలి మనవడి బాప్తిస్మానికి బయల్దేరితే, నది దాటకముందే బండి గుర్రుమని ఆగిపోయింది. పైపు ఊడదీస్తే అందులోంచి, దోసకాయల్లో వాసన కోసం నేను వేసిన సోయికూర గింజలు రాలాయి. కొత్త బట్టల్లో, ఎండలో, నడుచుకుంటూ వెళ్లాం. ఇద్దరి దగ్గరా ఆ ఊరిన నీళ్ల వెల్లుల్లి వాసన.

"ఈసారి సోయికూర వెయ్యకుండా ఊరబెట్టు," అన్నాడు దారిలో.

"నిన్నే ఊరబెడతాను జాడీలో," అన్నాను.

చెప్తూ పోతే తెల్లారుతుంది. గొలుసు మరీ బిగించి తెంపాడు. వెనక చక్రం తీసి బిగించాక చేతిలో మరలు మిగిలితే, "కంపెనీవాళ్లు జాగ్రత్త కోసం ఎక్కువ వేస్తారులే" అని జేబులో వేసుకున్నాడు. ఆ బండి ఎప్పుడు పోతుందా, నా దొడ్లో ఆ షెడ్డు పీకి టమాటాలు ఎప్పుడు వేసుకుందామా అని చూస్తూ ఉండేదాన్ని.

ఆ కోరిక నాకు ఒక చలికాలంలో చచ్చిపోయింది. ఊళ్లో ఆయన పనిచేసే చక్కెర మిల్లు మూసేశారు. జెనోన్ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పలకరిస్తే ఊ, ఆ. గడ్డం గీసుకోమంటే రేపంటాడు. తిండి పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. నాకు భయమేసింది, నిజంగా భయమేసింది. మంచు కరిగాక ఒక పొద్దున షెడ్డులోంచి పానా కిందపడ్డ చప్పుడు, దాని వెనకే మూడు నిమిషాలు ఆగకుండా తిట్లు వినిపించాయి. బంగాళాదుంపల చెక్కు తీస్తున్నదాన్ని, కత్తి పక్కన పెట్టి విన్నాను. ఆ బూతులు వింటుంటే ప్రాణం లేచొచ్చింది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. చెప్తే నెత్తికెక్కి కూర్చుంటాడు.

మా ఊళ్లో జూలై నెలాఖరున బళ్లన్నిటికీ గుడిముందు దీవెన జరుగుతుంది. కార్లు, ట్రాక్టర్లు, పాలవ్యాను, అన్నీ వరసకట్టి నిలబడతాయి. ఫాదర్ సెవెరిన్ దీవెన నీళ్లు చల్లుతారు. తర్వాత బాటసారుల రక్షకుడు పునీత క్రిస్టోఫర్ బొమ్మతో ముందొక బండి, వెనక మిగతావన్నీ నదిదాకా ఊరేగింపుగా వెళ్తాయి. బొమ్మని మోసేది మా మోటారుసైకిలు పక్కన తగిలించిన సైడ్‌కారే. బొమ్మని ఒళ్లో పెట్టుకుని అందులో కూర్చునేది నేను. కిందటేడు సరిగ్గా వంతెన మీద ఆగిపోయాం. వెనక ఊరంతా హారన్లు కొట్టింది.

అందుకని ఈ ఏడు గుడి సంఘం సమావేశంలో, పాత ఇనుము కొనే కులేషా లేచి, "బొమ్మని నా వ్యానులో పెడదాం ఫాదర్. ఈయన్ని నమ్ముకుంటే పునీతుడు కూడా నడిచే వెళ్లాలి," అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. జెనోన్ ఎర్రగా అయిపోయి లేచాడు.

"ఈసారి ఊరేగింపులో నా బండి ఆగిందా, తీసుకెళ్లి నీ తుక్కుకుప్పలో వేసుకో. ఊరికే ఇస్తా. అందరి ముందూ చెప్తున్నా!"

ఎందుకయ్యా ఆ నోరు!

ఆ తర్వాత షెడ్డులోంచి బయటికొస్తే ఒట్టు. ఈసారి నిజంగానే శ్రద్ధగా చేశాడు. విప్పిన ప్రతి ముక్కా వరసగా పేర్చి, నన్ను పిలిచి చూపించి, మళ్లీ బిగించాడు. ఒక్క మర కూడా మిగల్లేదు. దీవెన రోజు పొద్దున ఒక్క కిక్కుకే ఇంజను అందుకుంది. గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పెళ్లికొడుకులా ఉన్నాడని నేనే అన్నాను.

గుడిముందు అందరికంటే ముందు నిలబడ్డాం, ఇంజను తిరుగుతూ ఉంది. అప్పుడు చూశాను. ఇంజను పక్కన ఉండాల్సిన రేకు మూత లేదు. లోపలి తీగలూ, ప్లగ్గూ, స్పార్కు పుట్టే చోటూ అంతా బట్టబయలు.

"మూతేది జెనోన్?"

"ఇంట్లో పెట్టొచ్చా. దీవెన రేకుకెందుకు? పాడయ్యేది ఇంజను కదా, దీవెన నేరుగా ఇంజనుకే తగలాలి," అన్నాడు, నా తెలివి చూశావా అన్నట్టు.

నేను నోరు తెరిచేలోపే ఫాదర్ వచ్చేశారు. ఆయనది పెద్ద చెయ్యి. బక్కెట్టులో గడ్డికుంచె ముంచి విసిరితే మనిషి తలస్నానం చేసినట్టే. ఒకటి నా మీద, ఒకటి పునీతుడి మీద, మూడోది నిండుగా ఇంజను లోపల. చుయ్‌మంది. దగ్గింది. ఆగిపోయింది.

కిక్కు కొట్టాడు. లేదు. మళ్లీ కొట్టాడు. లేదు. వెనక ట్రాక్టర్లు ఎదురుచూస్తున్నాయి. నవ్వులు మొదలయ్యాయి. కులేషా పాలవ్యాను పక్కనుంచి నింపాదిగా నడుచుకుంటూ వచ్చాడు.

మామూలుగా అయితే మా ఆయన దగ్గర ఇలాంటప్పుడు నలభై సాకులుంటాయి. ఆ రోజు ఒక్కటీ రాలేదు. చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. "అయిపోయింది లుత్సినా," అన్నాడు, నాకొక్కదానికే వినబడేలా. మొహం చూస్తే ఆ చలికాలం కిటికీ దగ్గరి మొహం.

నేను సైడ్‌కారులోంచి దిగాను. పునీతుణ్ణి తీసుకెళ్లి ఫాదర్ చేతుల్లో పెట్టాను. నెత్తిమీది రుమాలు లాగి, మోకాళ్ల మీద కూర్చుని, ప్లగ్గూ, తీగలూ, లోపల చెయ్యి పట్టినంత మేరా తుడిచాను. ఎక్కడ తుడవాలో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఇన్నేళ్లూ టార్చిలైటు పట్టుకుంది నేనే కదా.

"మాట మాటే జెనోన్," అన్నాడు కులేషా. "ఊరేగింపులో ఆగిందిగా?"

"ఆగలేదయ్యా, నేనే ఆపమన్నాను," అన్నాను లేస్తూ. "బొమ్మ జారిపోతోంది. పునీతుణ్ణి రోడ్డు మీద పడెయ్యమంటావా?"

కులేషా ఫాదర్ వైపు చూశాడు. ఫాదర్ ఒక చంకలో బొమ్మ, ఒక చేతిలో ఖాళీ బక్కెట్టు పట్టుకుని నిలబడి ఉన్నారు. ముందు ఇంజను వైపు చూశారు, తర్వాత బక్కెట్టు వైపు.

"అవునవును, ఆపమనడం నేనూ విన్నాను," అన్నారు. "ఇంకా ఊరేగింపు మొదలుకూడా కాలేదు కదా కులేషా గారూ. వెళ్లి వ్యానెక్కండి."

జెనోన్ ఏదో అనబోయాడు. బూటు మీద గట్టిగా తొక్కాను. బొమ్మని తీసుకుని ఎక్కి కూర్చున్నాను. కిక్కు కొట్టాడు. పొగ కక్కి, రెండు తుమ్ములు తుమ్మి, అందుకుంది.

గుడి మలుపు తిరిగాక, ఆ మోతలో నావైపు వంగి అరిచాడు:

"ఆపమని ఎప్పుడన్నావే? నాకు వినపడనే లేదు!"

"పెళ్లైన దగ్గర్నుంచీ అంటూనే ఉన్నాను," అని నేనూ అరిచాను. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, పొగకి కాదు. "ఇప్పుడు మాత్రం ఆపకు. పోనీ, పోనీ!"