రెండు పంటల ఆయిల్

మొన్న పలాసలో బండి సర్వీసింగుకు ఇచ్చినప్పుడు, కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి కంప్యూటరు మీంచి కళ్ళు తిప్పకుండానే, ఫుల్ సింథటిక్ పోయించమంటారా, సెమీ సింథటిక్ చాలా అని అడిగింది. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతానో చెబితే ఏది మేలో తానే చెబుతానంది. ప్రశ్న చిన్నదే, నా వెనక ఇంకా జనం నిలబడి ఉన్నారు కూడా, అయినా నా ఆలోచన పాత రోజుల్లోకి పోయింది. ఇంజన్ ఆయిల్ మాట వింటే ఇతరులకు ఏం గుర్తొస్తుందో గానీ, నాకు మాత్రం మా అక్క మొగుడు, అంటే మా బావ, గుర్తొస్తాడు.

నా ఈడు వాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. మనం బండ్లెక్కిన రోజుల్లో ఆయిల్లో రకాలెక్కడివి, బంకులో పెట్రోలు పోయించుకుంటూ అందులోనే ఇంత ఆయిల్ కలిపించుకుని, కిక్కు కొట్టి, వెనకాల నీలం పొగ వదులుకుంటూ పోవడమే కదా. నేను పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తాగా చేరిన కొత్తలో, పూండి దగ్గర తన ఊళ్ళో, బావే నాకు బండి నేర్పాడు. నేర్పాడంటే నన్ను ముందు కూర్చోబెట్టి, తాను వెనక కూర్చుని, ఇసుకలో చక్రం దిగబడినప్పుడల్లా తిట్టాడని అర్థం. ఆదివారం చర్చిలో డోలక్ వాయించే చెయ్యి, తక్కిన రోజుల్లో నా వీపు మీద వాయించేది.

తర్వాత పొగ బండ్లు పోయి, ఇంజన్లో ఆయిల్ విడిగా పోసే బండ్లు వచ్చాయి. ఇన్ని కిలోమీటర్లకోసారి మార్చాలని కంపెనీ వాళ్ళు చెప్పేవారు గానీ, సముద్రం ఒడ్డున జీడితోటల మా ఉద్దానంలో ఆ మాట ఎవరికీ పనికొచ్చేది కాదు. ఉప్పుగాలికి మీటరు తీగ తుప్పుపట్టి, కొన్నాళ్ళకే ముల్లూ కిలోమీటర్ల అంకెలూ ఒకచోట ఆగిపోయేవి, మళ్ళీ దాన్ని బాగుచేయించే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. అందుకని మా వాళ్ళు ఆయిల్‌ని జీడి పంటతో కొలిచేవారు. ఏడాదికోసారి తోటలో పూత కనబడగానే పాతది దించి కొత్తది పోయించేవారు, మళ్ళీ పూత వచ్చేదాకా దాని ఊసే లేదు. దించిన నల్లటి ఆయిల్‌ని బావ ఒక డబ్బాలో దాచి, తుప్పు పట్టకుండా బండి కింది భాగాలకి పూసేవాడు, మిగిలితే గేటు బందులకి. అప్పుడప్పుడూ ఆయిల్ మూత విప్పి, దాని పుల్లకంటిన తడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, ఇంకా జిగి ఉందో చచ్చిందో చెప్పేవాడు. ఆ వేళ్ళకి తెలియని ఆయిల్ లేదు.

ఆ బావకి కిడ్నీ జబ్బు వచ్చింది. మా వైపు అది కొత్త సంగతి కాదు, ఏ వీధిలో చూసినా ఒకరిద్దరుంటారు, అందుచేత ఏడ్చి గోల పెట్టినవాళ్ళు కూడా లేరు. వారం వారం పలాస తీసుకెళ్ళి డయాలసిస్ చేయించే పని నాది. అప్పటికి నేను రిటైరయ్యాను. ఆటోలో కుదుపులు పడలేనంటాడు, బస్సులో ఊపిరాడదంటాడు, తన పాత బండి వెనకే కూర్చుంటానంటాడు. ఒక ఎండాకాలం తిరుగుప్రయాణంలో, ఇసుకదారిలో సెకండ్ గేరు మీద లాగీ లాగీ, ఇంజన్ కాగిపోయి బండి ఆగిపోయింది. బావని తాటిచెట్టు కింద పడుకోబెట్టి, ఇంజన్ చల్లారేదాకా తుండుతో విసురుతూ కూర్చున్నాను. ఆ పూట నాకు నిజంగా భయం వేసింది.

పూత రాగానే ఆయిల్ మార్చే వేళకి, పూండిలో మెకానిక్ రెండు డబ్బాలు మా ముందు పెట్టాడు. ఒకటి మామూలు ఆయిల్లో కొంత సింథటిక్ కలిపినది, పాత ఇంజన్‌కి అది చాలన్నాడు. రెండోది మొత్తం సింథటిక్, వేడికి తట్టుకుంటుంది, ఖరీదెక్కువ, కాకపోతే రెట్టింపు కాలం వస్తుందన్నాడు. రెట్టింపంటే మా లెక్కలో రెండు పంటలు. బావ మెట్టు మీద కూర్చుని రెండు డబ్బాల వంకా చూశాడు.

“ఒక పంటకి సరిపడ్డది పోయించరా. రెండో పంటకి నానుంటానేటి?” అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. కానీ అంతకు ముందు వారమే, ఇంక పలాస రానని, తనని వదిలెయ్యమని అక్కతో అన్న సంగతి నాకు తెలుసు. మానేస్తే ఎన్నాళ్ళో కూడా తెలుసు. నేను మెకానిక్ వైపు తిరిగి ఫుల్ సింథటిక్కే పొయ్యమన్నాను. బావకి కోపం వచ్చింది. దారి పొడుగునా నా వీపుకి తగలకుండా వెనక్కి జరిగి కూర్చున్నాడు.

అయితే మరుసటి వారం, గుమ్మం ముందు బండి ఆపి, రాననబోతున్న వాడితో, అంత ఆయిల్ పోయించాం, దండగైపోతుంది, ఎక్కమన్నాను. అది వేళాకోళానికన్న మాటే. పిసినారి కాకపోయినా ఏదీ పారబోయడం చేతకాని మనిషి, ఎక్కాడు. అప్పటినుంచి అదే మంత్రమైంది. ఒంట్లో బాగులేని రోజున కూడా, “సర్లే, ఆయిలున్నాది గదా” అనుకుంటూ వచ్చి కూర్చునేవాడు. ఆ ఏడు పంట చూశాడు. మంచం తోటలో వేయించుకుని, జీడిపిక్కలేరే ఆడవాళ్ళ మీద పెత్తనం చేశాడు.

ఇంజన్‌కి తెలిసేది కిలోమీటర్లే గానీ జీడి పంటలు కాదు. వారం వారం పలాస తిరిగే బండికి ఆ ఆయిల్ రెండు పంటలేం వస్తుంది, ఒక పంటైనా తిరక్కుండానే జిగి చచ్చింది. ఆ సంగతి బావకి చెబితే, రెండు పంటల ఆయిల్ అయిపోయిందంటే, మళ్ళీ ఇంట్లో పడుకుంటాడేమోనని నా భయం. అందుకని అతను ఆసుపత్రి మంచం మీద ఉన్న వేళ, ఎదురు వీధి మెకానిక్ దగ్గర బండి పెట్టి, అదే రకం మళ్ళీ పోయించి, ఏమీ ఎరగనట్టు వచ్చి పక్కన కూర్చున్నాను. అలా ఎన్నిసార్లు చేశానో గుర్తులేదు. దించిన ఆయిల్ అక్కడే వదిలేసేవాణ్ణి. ఇంట్లో డబ్బా ఖాళీ అయినా, వానల ముందు బండికి పూయడానికి పాత ఆయిల్ ఏదని బావ అడగలేదు.

రెండో ఏడు పూత కూడా చూశాడు. పూత పిందెలయ్యాక పోయాడు. అప్పటికి బండిలో ఆయిల్ ఇంకా కొత్తగానే ఉంది.

ఇంతా చెప్పి, మొన్నటి అమ్మాయి ప్రశ్నకి ఏమన్నానో చెప్పలేదు. ఫుల్ సింథటిక్కే పొయ్యమన్నాను, కిలోమీటర్ల సంగతి తెలియదన్నాను. ఆదివారం అక్కని చర్చికి తీసుకెళ్ళడానికి వెళ్ళినప్పుడు, మాటల్లో ఈ ఆయిల్ సంగతి వచ్చి, అప్పుడు బావకి తెలియకుండా మార్పించిన కథ మొదటిసారి చెప్పాను. అక్క చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ నవ్వింది.

“ఆ మడిసికి తెలీదనుకున్నావేటిరా? మూత ఇప్పి వేళ్ళతో సూసీవోడు. ‘మీ తమ్ముడు మళ్ళీ మార్పించేడే, నాకు తెలిసినట్టు సెప్పకు, ఆడు బాధ పడతాడు’ అన్నాడు.”

నా కొత్త బండికి ముల్లు లేదు, తుప్పు పట్టే తీగా లేదు. ఆయిల్ ఎప్పుడు పోయించామో, ఎప్పుడు మార్చాలో ముందున్న మీటరు తెర మీద అంకెలతో చూపిస్తుంది, వెనక కూర్చున్నవాళ్ళకీ కనబడుతుంది. మంచిదే. కాకపోతే ఇలాంటి బండి అప్పుడుంటే బావా నేనూ ఒకర్నొకరం అన్నాళ్ళు మోసం చేసుకోగలిగేవాళ్ళం కాదు.